ఎర్ర ఆకుల పువ్వు చక్రం

కుస్తోదియో బాయెనా గిటార్లు చేసేవాడు కాదు. ఎవరైనా తెలియక "మీరు గిటార్లు చేస్తారట గదా" అంటే ముఖం మాడ్చుకునేవాడు.

"గిటారుదేముందయ్యా, ఎవడైనా చేస్తాడు. నాలుగు పలకలు, ఒక మెడ, ఆరు తీగలు. దాని నోటి చుట్టూ నగ పెట్టేవాడే దొరకడు" అనేవాడు.

ఈ మాట సరిగ్గా గిటార్లు చేసేవాళ్ళ ముందే అనేవాడు. వాళ్ళు నోరు మెదపకుండా వినేవాళ్ళు. ఆ నగ ఆయన దగ్గరే కొనుక్కోవాలి మరి.

గ్రనాడాలో, రియలేహో పేటలో, మా వాలు వీధిలో అప్పట్లో నాలుగు గిటారు దుకాణాలుండేవి. అందులో ఒకటి మాది. మా ఆయన మెల్చోర్ చెక్క పని చేస్తే, నేను లక్క పాలిష్ పట్టేదాన్ని. గిటారు నోటి చుట్టూ, అంటే ముందు పలకలోని గుండ్రటి రంధ్రం చుట్టూ ఉండే పువ్వు చక్రాలు మాత్రం నాలుగు దుకాణాలకూ కుస్తోదియో ఇంటినుంచే రావాలి. ఆయన పని పెట్టుకున్న మంచమంత గదిలోంచే.

ఆ పని చూసినవాళ్ళు ఇంకోసారి చూడరు, కళ్ళు తిరుగుతాయి. రంగు వేసిన పల్చటి చెక్క రేకుల్ని చీపురు ఈనెల కన్నా సన్నగా చీలుస్తాడు. గళ్ళ కాగితం మీద రాసుకున్న అంకెల ప్రకారం ఒకదాని పక్కన ఒకటి పేర్చి, జిగురు పూసి బిగిస్తాడు. ఆరితే చిటికెన వేలంత కడ్డీ అవుతుంది. దాని కొస చూస్తే నాలుగాకుల మధ్య ఓ పువ్వు. ఆ కడ్డీని బ్రెడ్డు కోసినట్టు పల్చటి బిళ్ళలుగా కోసి, ప్రతి బిళ్ళనూ ఒక పక్క వెంట్రుకంత ఎక్కువ అరగదీసి, గుండ్రంగా పేర్చుకుంటూ రావాలి. మొత్తం డెబ్భై రెండు బిళ్ళలు. ఆఖరి బిళ్ళ దగ్గర సందు మిగిలిందంటే అంతా పొయ్యి పాలే. ఆయన చేతిలో సందు మిగలడం మా వీధిలో ఎవరూ చూడలేదు.

అంత పనితనం ఉన్న మనిషికి కాస్త గర్వం ఉంటే తప్పులేదు. కుస్తోదియోకి కాస్త కాదు, వీధంతా పంచినా మిగిలేంత ఉండేది. ముఖ్యంగా రంగుల విషయంలో. ఎరుపు పక్కన ఆకుపచ్చ ఎందుకు పెట్టాలి, ఎంత పెట్టాలి, నలుపు రెండింటికీ ఎలా కాపలా కాస్తుంది, ఇలా మొదలుపెడితే చేతిలో కాఫీ చల్లారిపోయేది. ఆడవాళ్ళు కొత్త బట్ట కొంటే తీసుకెళ్ళి చూపించేవాళ్ళు. ఆయన దాన్ని వెలుగులో పట్టుకుని, కళ్ళు సగం మూసి, పెదవి విరిచి, చివరికి లోపలికి కేకేసేవాడు.

"కసీల్దా! నువ్వొచ్చి చెప్పు. ఇంత చిన్న విషయానికి నేనెందుకు?"

మేమంతా అది దర్జా అనుకున్నాం.

కసీల్దా ఆయన భార్య. మనిషి పొట్టి, మాట పొడుగు. అద్దకం వాళ్ళ పిల్ల. ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళింటి బట్టలన్నీ నల్లరంగు అద్దకానికి ఆవిడ తండ్రి దగ్గరికే వెళ్ళేవి. కుస్తోదియోకి కావలసిన చెక్క రేకులకు వంటింట్లో రంగు వేసేది ఆవిడే. ఒక పొయ్యి మీద చిక్కుళ్ళు, ఇంకో పొయ్యి మీద రంగు నీళ్ళు. ఆరిన రేకుల్ని విడివిడిగా కట్టలు కట్టి, దారంతో ముడివేసి ఆయన బల్ల మీద పెట్టేది. మొగుణ్ణి ఏదో ఒకటి అనకుండా ఆవిడకు పూట గడిచేది కాదు. గ్రనాడా వాళ్ళం కదా, మాకు ప్రేమ కూడా విసుక్కుంటున్నట్టే బయటికొస్తుంది.

డెబ్భై ఒకటో సంవత్సరం, ఏప్రిల్‌లో, మోత్రిల్‌లో ఉండే కసీల్దా అక్క మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. చూసుకోవడానికి కసీల్దా వెళ్ళక తప్పలేదు. బస్సు దాకా సంచి మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"మూడు వారాలకు సరిపడా కట్టలు పెట్టాను. అవి అయ్యేలోపు వచ్చేస్తాను. నేను రాకపోతే పని ఆపు. వింటున్నావా?" అంది కసీల్దా కిటికీలోంచి.

"ఎందుకాపాలి? నువ్వు చేసేదేముంది, కుండలో నీళ్ళు కాచడమేగా!"

కసీల్దా కిటికీలోంచి ముందుకు వంగింది. ఏదో అనబోయి, పక్కన నన్ను చూసి ఆగిపోయింది.

"సరే. కుండ నీదే" అని కిటికీ మూసేసింది.

అక్క కాలు అనుకున్నంత తొందరగా అతకలేదు. మూడు వారాలు అయిదయ్యాయి. ఒంటరి కుస్తోదియో ఏం తింటున్నాడో అని నేను రోజుమార్చి రోజు ఇన్ని చిక్కుళ్ళో, ఉప్పు చేప ముక్కో తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు చూస్తే బల్ల మీద పళ్ళెంలో టమాటాలు. అన్నీ పచ్చి కాయలే. మీద నూనె పోసుకుని, ఉప్పు చల్లుకుని తింటున్నాడు. ఒక్కో ముక్కకీ దవడ బిగుసుకుంటోంది.

"ఇవేం టమాటాలు మేస్త్రీ? బజారులో మంచివి దొరకలేదా?"

ఆయన నమలడం ఆపాడు. "నాకిలాగే ఇష్టం" అన్నాడు.

"పులుపుకి పళ్ళు పోతాయి."

"నా పళ్ళు, నా టమాటాలు. నువ్వెళ్ళి నీ పాలిష్ చూసుకో అమ్మాయ్."

ఇంటికొచ్చి మెల్చోర్‌తో చెప్పి నవ్వుకున్నాను. రంగుల మహారాజుకి టమాటా ఏరుకోవడం కూడా రాదని. నా తెలివి అక్కడితో ఆగిపోయింది.

కసీల్దా పెట్టి వెళ్ళిన కట్టలు అయిపోయాయి. మా ఊళ్ళో అన్నిటికన్నా పెద్దదైన కార్పస్ పండగ దగ్గర పడుతోంది. ఆ వారం గిటార్లకు గిరాకీ. నాలుగు దుకాణాలూ చక్రాల కోసం తొందరపెట్టడం మొదలెట్టాయి. కుస్తోదియో చొక్కా చేతులు మడిచి, వంటింట్లోకి వెళ్ళి, అరలోంచి రంగు డబ్బాలు దించి, కుండ పొయ్యి మీద పెట్టాడు. పదిరోజుల్లో పన్నెండు చక్రాలు తయారయ్యాయి. ఆదివారం బట్టలేసుకుని ఆయనే స్వయంగా దుకాణాలకు పంచి వచ్చాడు.

ఆయన దగ్గర్నుంచి వచ్చినప్పుడు చక్రం అందంగా ఉండదు. పైనంతా జిగురు పట్టి, దుమ్ము పేరుకుని, తడిసి ఆరిన అట్టముక్కలా ఉంటుంది. గిటారు ముందు పలకలో గాడి తవ్వి, అందులో అతికించి, ఆరాక పైన గీకితే అప్పుడు రంగు కాస్త తెలుస్తుంది. లక్క పడితే పూర్తిగా మేలుకుంటుంది. అంటే మా ఇంట్లో దాని అసలు ముఖం మొదట చూసేది నేనే.

లక్కలో ముంచిన గుడ్డ ఒక చుట్టు తిప్పాను. ఆకులు ఎర్రగా లేచాయి. ఇంకో చుట్టు తిప్పాను. పువ్వులు ఆకుపచ్చగా నవ్వాయి.

"మెల్చోర్! ఇలా రా."

వచ్చి చూశాడు. చెవి వెనక గోక్కున్నాడు.

"గీకినప్పుడే చూశాను" అన్నాడు.

"చూసి మాట్లాడవేం?"

"ఏమని మాట్లాడను? మేస్త్రి కొత్త మాదిరి చేశాడేమో. నాకు తెలీదని బయటపడాలా?"

తర్వాత తెలిసింది, మిగతా మూడు దుకాణాల్లోనూ ఇదే కథ. నలుగురు మగాళ్ళు, నలభై ఏళ్ళ అనుభవాలు, ఒక్కడికీ అడగడానికి నోరు రాలేదు. పైగా వీధిలో ఎదురుపడితే "ఈసారి చాలా కొత్తగా ఉంది మేస్త్రీ" అని పొగిడారు. ఆయన ఏది కొత్తగా ఉందో తెలియక, అడిగితే పరువు పోతుందని అడగక, "ఎప్పుడూ ఒకేలా చేస్తే ఎలా?" అని గంభీరంగా తలూపాడు.

మేం చేసిన ఆ గిటారు బల్దొమేరో గారిది. రైల్వేలో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన పెద్దమనిషి. డెబ్భై దాటాక గిటారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. పండగకు పదిరోజుల ముందు తీసుకెళ్ళడానికి వచ్చి, పెట్టె తెరిచి, కళ్ళద్దాలు సర్దుకుని నోటి చుట్టూ చూశారు. మెల్చోర్ నేల చూపులు చూస్తున్నాడు.

"ఇది చేసిందెవరు?"

"పై ఇంట్లో కుస్తోదియో మేస్త్రి అండి. ఆయన కొత్త మాదిరి..."

"మాదిరి కాదు బాబూ. ఇది చేసినాయనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. నేను ముప్పై ఏళ్ళు సిగ్నల్ మనుషులకు కళ్ళ పరీక్ష పెట్టాను. రంగు ఉన్ని ఉండలు ముందు పోసి ఏరమనేవాణ్ణి. ఇలాగే ఏరేవాళ్ళు" అన్నారు ఆయన. కోపంగా అనలేదు, వాతావరణం గురించి చెప్పినట్టు అన్నారు. "నేనొకసారి ఆయన్ని చూడొచ్చా?"

నాకు పచ్చి టమాటాలు గుర్తొచ్చాయి. వద్దందామనుకున్నాను. ఆయన అప్పటికే టోపీ పెట్టుకున్నారు. వెంట వెళ్ళాను.

కుస్తోదియో కొత్తమనిషిని చూసి రంగుల మీద ఉపన్యాసం ఎత్తుకున్నాడు. బల్దొమేరో గారు అంతా శ్రద్ధగా విన్నారు. అయ్యాక అడిగారు.

"గుర్తుగా ఒక ఎర్ర పుల్ల ఇస్తారా మేస్త్రీ?"

బల్ల మీద ఆయనే రంగేసి కట్టిన కట్టలు విప్పేసి ఉన్నాయి. దారాలు తీసేసి పక్కన పడేసున్నాయి. కుస్తోదియో వేళ్ళు ఆ దారాల కోసం వెతికాయి. అప్పుడు నాకర్థమైంది. ఇన్నేళ్ళూ ఆయన కట్ట తీసుకునే ముందు దారాన్ని బొటనవేలితో తడమడం చూస్తూనే ఉన్నాను, జపమాల తిప్పినట్టు. అలవాటనుకున్నాను. కసీల్దా వేసే ముడి ఒకటైతే ఎరుపు, రెండైతే ఆకుపచ్చ, మూడైతే నలుపు. గళ్ళ కాగితం మీద అంకెలూ అవే.

ఆయన చెయ్యి గాల్లో అటూ ఇటూ ఆడింది. చివరికి ఒక పుల్ల తీసిచ్చాడు. ఆకుపచ్చది. బల్దొమేరో గారు దాన్ని మర్యాదగా జేబులో పెట్టుకున్నారు. పెద్దాయన ముఖంలో ఏమీ కదల్లేదు. కదిలింది నా ముఖమే.

"ఏంటమ్మాయ్ అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు మేస్త్రీ."

"తప్పు ఇచ్చానా?"

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. నేను పక్కన పడేసున్న దారాలు ఏరడం మొదలుపెట్టాను. అదే జవాబైంది. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ తుడిచాడు.

బల్దొమేరో గారు ఇంకో స్టూలు లాక్కున్నారు.

"ఉన్ని ఉండల పరీక్ష మీకెక్కడ పెట్టారు?"

"గ్వాదిక్స్ స్టేషన్లో. ముప్పై ఒకటిలో. నాకిరవై ఏళ్ళు." కుస్తోదియో అదాటున తలెత్తాడు. "మీరప్పుడెక్కడ?"

"అల్మెరియాలో."

"అయితే మీరు కాదు."

"కాదు."

"బతికిపోయారు" అన్నాడు కుస్తోదియో. ముగ్గురం నవ్వాం. నవ్వొచ్చాక మాట కూడా వచ్చింది.

కుస్తోదియో తండ్రి రైల్వేలో సిగ్నల్ మనిషి. కొడుకూ అదే అవుతాడని ఇంట్లో టోపీ కూడా కొనిపెట్టారు. పరీక్ష పోయింది. తండ్రి ఏడాది పాటు కొడుకుతో మాట్లాడలేదు, వేషాలేశాడనుకుని. కొడుకు మాత్రం వీధిలో అందరికీ బొగ్గు పొగ పడక మానేశానని చెప్పుకున్నాడు. తర్వాత చెక్క పనిలో చేరాడు. అందులోనూ బల్లలు, కుర్చీలు చేసుకోవచ్చు గదా? లేదు, ప్రపంచంలో రంగు లేనిదే జరగని పని ఏదుందా అని వెతికి మరీ పట్టుకున్నాడు.

"మొండితనం" అన్నాడు, అదేదో చుట్టాలబ్బాయి పేరు చెప్పినట్టు.

బల్దొమేరో గారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నేను ఆ పరీక్షతో పదకొండు మందిని ఉద్యోగంలోంచి దించేశాను. తప్పదు, రైళ్ళు గదా. ఒకాయన మర్నాడు మా ఇంటికొచ్చి ఆ ఉన్ని ఉండలు ఒక్కరోజు అప్పివ్వమన్నాడు. పెళ్ళాం దగ్గర కూర్చుని నేర్చుకుంటాడట. ఇవ్వలేదు."

"ఇవ్వాల్సింది."

"నేర్చుకున్నా లాభం లేదుగా."

"తెలుసు. అయినా ఇవ్వాల్సింది."

"అవును" అన్నారు పెద్దాయన.

గిటారు మార్చి ఇస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. ఇలాంటిది ఇంకెవరి దగ్గరా ఉండదని పట్టుకెళ్ళిపోయారు.

నేను తిన్నగా మూల బారులోకి వెళ్ళి మోత్రిల్‌లో కిరాణా కొట్టుకి ఫోన్ చేసి, కసీల్దాని పిలిపించాను. విషయం రెండు ముక్కల్లో చెప్పాను.

"ఏ డబ్బా వాడాడు?" అంది.

"నాకేం తెలుసు?"

"నాకు తెలుసు. రేపొస్తున్నా."

మర్నాడు బస్సు దిగి సంచి కూడా కింద పెట్టకుండా వంటింట్లోకి నడిచింది. వెనకే కుస్తోదియో, ఆ వెనక నేను. అరలో మూడు పాత డబ్బాలున్నాయి: మిరపపొడిది, దాల్చిన చెక్కది, కాఫీది.

"ఎరుపుకి ఏది తీశావు?"

"మిరపపొడి డబ్బా. బుద్ధున్నవాడెవడైనా అదే తీస్తాడు."

"అందులో ఆకుపచ్చ ఉంది. ఎరుపు దాల్చిన చెక్క డబ్బాలో."

"మిరపపొడి డబ్బాలో ఆకుపచ్చ పెట్టేదెవరు!"

"నేనే! ఎర్ర రంగు మిరపపొడి డబ్బాలో పెడితే ఏదో ఒకరోజు బంగాళాదుంపల మీద చల్లుకుని చస్తావని, ఆకుపచ్చది పోశాను. చూడగానే తేడా తెలుస్తుందని."

"ఎవరికి తెలుస్తుంది?"

కసీల్దా గోడకు ఆనుకుని నవ్వడం మొదలెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. ఆ నీళ్ళు అన్నీ నవ్వువి కావు.

"ఇంకా నయం, బంగాళాదుంపలు వండుకోవడం రాదు నీకు" అంది.

ఆ శనివారం కుస్తోదియో బారుకెళ్ళాడు. గిటార్లవాళ్ళు నలుగురూ అక్కడే ఉంటారని తెలుసు. నేను మెల్చోర్ పక్కన కూర్చుని ఉన్నాను. ఆయన వైను తీసుకోలేదు, కూర్చోలేదు.

"నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. పుట్టినప్పట్నుంచీ అంతే. ఇన్నేళ్ళూ రంగు చూసింది కసీల్దా. నేను పేర్చాను, అంతే. ఈసారి ఆవిడ లేదు, అందుకే తప్పొచ్చింది. చక్రాలు వాపసు తెచ్చేవాళ్ళు తెండి, వేరేవి చేసిస్తాను" అన్నాడు ఒక్క ఊపిరిలో, బట్టీపట్టిన పిల్లాడిలా.

ఎవరు వాపసు తెస్తారు? తెస్తే, తప్పని తెలిసే "కొత్తగా ఉంది" అన్నామని ఒప్పుకోవాలి. ముందు మెల్చోరే గొంతు సవరించుకున్నాడు.

"గీకినప్పుడే చూశాను మేస్త్రీ. అడగడానికి భయమేసింది."

"నాకూ" అన్నారు ఒకరి తర్వాత ఒకరు.

"మీకు కళ్ళున్నాయి గదరా వెధవల్లారా!" అని అరిచాడు కుస్తోదియో. ఆ తిట్టుతో బారంతా ఊపిరి పీల్చుకుంది. మేస్త్రి మళ్ళీ మేస్త్రి అయ్యాడు. అప్పుడు కూర్చుని వైను అడిగాడు.

ఎవరూ ఏదీ వాపసు తేలేదు. పండగలో మిగతా పదకొండు గిటార్లూ అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళు బాగున్నాయన్నారో, అసలు చూడలేదో చెప్పలేను.

కసీల్దా మాత్రం ఈ సందట్లో తన పని చక్కబెట్టుకుంది. పేరూ పొగడ్తా నాకెందుకు, ఆ రంగు కుండ నా వంటింట్లోంచి పోవాలి అంది. వెనక పెరట్లో రేకుల పంచ ఒకటి వేయించుకుంది, రెండు పొయ్యిలు, కిటికీ. కిటికీ సరిగ్గా సియెర్రా మంచు కొండల వైపు. అక్కడ కూర్చుని గళ్ళ కాగితం మీద మొట్టమొదటిసారి తనే ఒక మాదిరి గీసింది: దానిమ్మ పండు, పగిలి గింజలు కనిపించేలా. కుస్తోదియో అది చూసి, గింజలు మరీ చిన్నవి, పేర్చేవాడి కళ్ళు పోతాయని రెండు రోజులు సణిగాడు. మూడో రోజు పుల్లలు చీల్చడం మొదలుపెట్టాడు.

ఆ మాదిరికి మొదటి చక్రం పూర్తయిన రోజు సాయంత్రం నన్నూ పిలిచారు. పెరట్లో కూర్చున్నాం, ముగ్గురం, వేయించిన చేపలూ బ్రెడ్డూ. కసీల్దా ముల్లు తీస్తూ తీస్తూ ఆగింది.

"ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు. అవి రెండూ నీకెలా కనిపిస్తాయి?"

ఆయన ఆలోచించాడు. ఇలాంటి ప్రశ్నకు ఉపన్యాసం వస్తుందని నేను బ్రెడ్డు ముక్క ఇంకోటి తీసుకున్నాను. రాలేదు.

"ఎండుగడ్డి" అన్నాడు. "రెండూ ఎండుగడ్డే. ఒకటి కాస్త వాన పడ్డది."

"ఏది?"

"అదే గదా తెలియంది."

"మరి మనం మొదటిసారి కలిసిన రోజు నా ఎర్ర శాలువా చూసి ఎంత బాగుందో అన్నావు?"

"శాలువాని అనలేదు."

కసీల్దా ఆయన్ని ఎగాదిగా చూసి, "అబద్ధాలాడ్డానికి రంగులు తెలియక్కర్లేదు" అంది. అని, ముల్లు తీసిన చేప ముక్క తన పళ్ళెంలోంచి తీసి ఆయన పళ్ళెంలో పెట్టింది. కింద వీధిలో బల్దొమేరో గారు మెల్చోర్ దగ్గర తీగలు బిగించుకుని, వచ్చిన ఒక్క పాటనీ మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టారు.